పరాయి పేర్లతో పైదేశాలకు వెళ్లిన సైప్రస్ వంట

బ్రిటన్‌లో ఏ మధ్యతరహా పట్టణానికి వెళ్లినా ఒక గ్రీక్ రెస్టారెంట్, ఒకటో రెండో కబాబు కొట్లు, ఒక చేపల వేపుడు దుకాణం తప్పకుండా ఉంటాయి. వాటిలో చాలావాటి చరిత్ర తవ్వి చూస్తే అవి మొదలుపెట్టింది గ్రీసు నుంచో టర్కీ నుంచో వచ్చినవారు కాదని, సైప్రస్ నుంచి వలస వచ్చిన కుటుంబాలని తేలుతుంది. తొమ్మిది లక్షలకు కాస్త పైబడిన జనాభా ఉన్న దక్షిణ సైప్రస్‌ను, ద్వీపపు ఉత్తర భాగాన్ని కలిపి చూసినా అది మన జిల్లాల్లో ఒక చిన్న జిల్లాకు మించదు. అంత చిన్న ద్వీపపు వంట ఇన్ని దేశాలకు చేరడం ఒక ఎత్తు, చేరిన చోటల్లా ఇంకొకరి పేరుతో చలామణీ కావడం మరో ఎత్తు. మాంసం గ్రీసు పద్దులోకి, కబాబు టర్కీ పద్దులోకి, ద్రాక్షసారాయి స్పెయిన్ పద్దులోకి పోగా, సొంత పేరుతో నిలదొక్కుకున్న సరుకు దాదాపు ఒక్కటే. అది హలూమీ అనే చీజ్. ఆ పేరును నిలబెట్టుకోవడానికి సైప్రస్ కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది, చివరికి దక్కిన గెలుపు కూడా ఇంట్లో కొత్త తగాదాలు తెచ్చిపెట్టింది.

ముందు మనుషులు ఎలా వెళ్లారో చూడాలి, ఎందుకంటే వంట వారి వెంటే వెళ్లింది. 1878లో సైప్రస్ పాలన ఒట్టోమన్‌ల చేతి నుంచి బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. 1925లో అది బ్రిటిష్ రాజ్యపు వలసగా ప్రకటితమైంది. ఆ దశకంలోనూ తర్వాతి దశకంలోనూ ద్వీపంలోని పేద గ్రామాల నుంచి యువకులు లండన్ చేరి సోహో ప్రాంతపు హోటళ్లలో పాత్రలు కడిగారు, బల్లల దగ్గర వడ్డించారు, నాలుగు డబ్బులు వెనకేసుకుని చిన్న కాఫీ హోటళ్లు తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలసలు మరింత పెరిగాయి. 1960లో సైప్రస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది, 1962లో బ్రిటన్ కామన్‌వెల్త్ దేశాల వారి రాకపై ఆంక్షలు పెట్టింది. ఆ తలుపు మూసుకోక ముందే వచ్చి చేరిన వారు వేల సంఖ్యలో ఉన్నారు. 1974లో టర్కీ సైన్యం దిగి ద్వీపం రెండుగా చీలినప్పుడు ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్న మరో విడత జనం వచ్చింది. క్యామ్డెన్ టౌన్‌లో మొదలైన స్థావరం క్రమంగా ఉత్తరానికి జరిగి హారింగే, పామర్స్ గ్రీన్, సౌత్‌గేట్ దాకా పాకింది. అక్కడి గ్రీన్ లేన్స్ వీధిలో గ్రీకు మాట్లాడే సైప్రస్ వారి కూరగాయల కొట్టు, టర్కిష్ మాట్లాడే సైప్రస్ వారి రొట్టెల బట్టీ పక్కపక్కనే నడిచాయి. ద్వీపంలో ముళ్లకంచెకు ఇరువైపులా ఉండిపోయిన రెండు వర్గాలు లండన్‌లో ఒకే వీధిలో ఒకే చేమదుంపలు కొనుక్కున్నాయి.

మరి బోర్డు మీద సైప్రస్ పేరు ఎందుకు రాయలేదు? దీనికి పెద్ద రహస్యమేమీ లేదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు వారికి సైప్రస్ అంటే 1950లలో తమ సైనికులపై తిరుగుబాటు జరిగిన వలస దేశం. గ్రీసు అంటే పురాణాలు, నీలి సముద్రం, సెలవుల యాత్ర. హోటలు నడిపే మనిషి ఏ పేరు పెట్టుకుంటే గిరాకీ వస్తుందో ఆ పేరే పెట్టుకుంటాడు. పైగా గ్రీకు మాట్లాడే సైప్రస్ వారు తమను గ్రీకు సంస్కృతిలో భాగంగానే చూసుకునేవారు. టర్కిష్ మాట్లాడే వారిదీ తమ వైపు నుంచి అదే తీరు. కాబట్టి ఆ పేర్లలో మోసం లేదు. కానీ ఫలితం మాత్రం విచిత్రంగా తయారైంది. బ్రిటన్‌లో కొన్ని తరాల పాటు గ్రీకు భోజనం అని జనం అనుకున్నది నిజానికి సైప్రస్ భోజనం. దాన్ని వెతుక్కుంటూ ఏథెన్స్ వెళ్లిన ఇంగ్లీషు యాత్రికుడికి అక్కడ షెఫ్తాలియా కనబడదు, హలూమీ అక్కడి వంటింటి సొంత సరుకు కాదు, మాంసం వేసుకునే పిట్టా రొట్టె కూడా వేరేలా ఉంటుంది. గ్రీసులో రొట్టె గుండ్రంగా, దళసరిగా, లోపల ఖాళీ లేకుండా ఉంటుంది కనుక మాంసాన్ని అందులో చుట్టి ఇస్తారు. సైప్రస్ పిట్టా కోలగా, పలుచగా ఉండి, ఒక అంచున కోస్తే సంచిలా తెరుచుకుంటుంది. నిప్పుల మీద కాల్చిన ముక్కలు, సన్నగా తరిగిన క్యాబేజీ, కొత్తిమీర, ఉల్లి, నిమ్మరసం అన్నీ ఆ సంచిలోకి వెళ్తాయి. లండన్ కబాబు కొట్లలో దశాబ్దాలుగా అమ్ముడైనది ఈ సంచి రొట్టే.

షెఫ్తాలియా గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఏ వంట సరిహద్దు దాటుతుంది, ఏది దాటదు అన్న ప్రశ్నకు అది మంచి ఉదాహరణ. పంది కైమాలో సన్నని ఉల్లిపాయ, పార్స్లీ ఆకు కలిపి, పంది పొట్టలోని అవయవాలను కప్పి ఉంచే వల వంటి కొవ్వు పొరలో చిన్న చిన్న ఉండలుగా చుట్టి బొగ్గుల మీద కాలుస్తారు. కాలుతున్నప్పుడు పొరలోని కొవ్వు కరిగి పోతుంది, లోపలి మాంసం ఎండిపోకుండా మిగులుతుంది. టర్కిష్ మాట్లాడే సైప్రస్ వారు పంది బదులు గొర్రె మాంసంతో ఇదే చేసి షెఫ్తాలీ కబాబు అంటారు. ఇంత రుచికరమైన సరుకు సూపర్‌మార్కెట్ అరలోకి ఎక్కలేదు. ఆ కొవ్వు పొర తాజాగా దొరకాలి, చుట్టడం చేతిపని, పచ్చి మాంసం నాలుగు రోజులు నిలవదు. అందుకే దాని కోసం సైప్రస్ వారి మాంసం కొట్టున్న వీధికే వెళ్లాలి. దంచిన ధనియాలు, ఎర్ర వైన్ వేసి ఉడికించే పంది మాంసపు కూర అఫేలియా, ఈస్టరు పండుగకు చీజ్ కూరి కాల్చే ఫ్లౌనా రొట్టెలు, సొరకాయ జాతి కూరతో వండే అలసందలు కూడా ఇంతే: ఇళ్లలో, ఒకటి రెండు హోటళ్లలో బతికాయి తప్ప బజారుకు ఎక్కలేదు.

తాగే వాటి కథ ఇంకా పాతది, ఇంకా చేదుగా ముగిసింది. సైప్రస్ తియ్యటి వైన్ కమాండరియా పేరు మోసింది మధ్యయుగాల్లోనే. ట్రోడోస్ కొండల దక్షిణపు వాలులోని గ్రామాల్లో జినిస్తేరి అనే తెల్ల ద్రాక్షను, మావ్రో అనే నల్ల ద్రాక్షను కోసి, ఎండలో పరిచి, తీపి చిక్కబడ్డాక రసం తీసి పులియబెడతారు. పాలస్తీనాలోని చివరి కోట 1291లో చేజారాక సైప్రస్‌కు తరలివచ్చిన హాస్పిటలర్ అనే క్రైస్తవ యోధుల సంఘానికి కొలోస్సీ కోట చుట్టూ ఉన్న భూములపై అధికారం ఉండేది. ఆ అధికార క్షేత్రాన్ని కమాండరీ అనేవారు, వైన్‌కు ఆ పేరే స్థిరపడింది. 13వ శతాబ్దంలో హెన్రీ ద అందెలీ అనే ఫ్రెంచి కవి రాసిన పద్యంలో ఫ్రాన్సు రాజు ఫిలిప్ ఎదుట ఎన్నో దేశాల వైన్‌ల మధ్య పోటీ జరుగుతుంది, గెలుపు సైప్రస్ వైన్‌దే. ఇది కవి కల్పనే అయినా ఆ కాలంలో దాని పరపతి ఎంతటిదో చెబుతుంది. ఇప్పటికీ అదే పేరుతో తయారవుతున్న వైన్‌లలో అత్యంత పాతది ఇదేనని సైప్రస్ వారు గర్వంగా చెప్పుకుంటారు; నేడు 14 గ్రామాల హద్దులో పండిన ద్రాక్షతో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది.

అంత చరిత్ర ఉన్నా 20వ శతాబ్దంలో బ్రిటన్‌కు ఓడల్లో వెళ్లింది కమాండరియా కాదు, సైప్రస్ షెర్రీ. షెర్రీ స్పెయిన్‌లోని హెరేస్ ప్రాంతానికి చెందిన, సారా కలిపి బలపరిచిన వైన్. ఇంగ్లీషు ఇళ్లలో భోజనానికి ముందు చిన్న గ్లాసుతో షెర్రీ తాగే అలవాటు ఉన్న కాలంలో, సాటి సామ్రాజ్యపు సరుకుగా సుంకం రాయితీతో వచ్చిన సైప్రస్ రకం చవకగా దొరికేది. ఎమ్వా క్రీమ్ వంటి సీసాలు 1960లలో, 70లలో అక్కడి మధ్యతరగతి ఇళ్లలో మామూలు వస్తువులు. సైప్రస్ వైన్ కంపెనీలకు ఇది పెద్ద ఆధారం. రెండో ఆధారం సోవియట్ కూటమి దేశాలు, అవి నాణ్యత గురించి పెద్దగా పట్టించుకోకుండా టోకున కొనేవి. రెండూ దాదాపు ఒకేసారి కూలాయి. బ్రిటన్‌లో షెర్రీ తాగే తరం తరిగిపోయింది, సోవియట్ కూటమి విడిపోయింది, 1996 నుంచి ఐరోపా సమాఖ్యలో షెర్రీ అన్న మాటను హెరేస్ వైన్‌కు తప్ప వాడకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది. అరువు పేరు మీద కట్టిన వ్యాపారం కనుక పేరు వెనక్కి తీసుకోగానే సరుకుకు ఉనికి లేకుండా పోయింది. ఇందులో స్పెయిన్‌ను తప్పుపట్టడానికి వీలు లేదు. తర్వాత హలూమీ విషయంలో సైప్రస్ అడిగింది కూడా అచ్చంగా అలాంటి హక్కునే.

ఇప్పుడు హలూమీ సంగతి. గొర్రె పాలు, మేక పాలు, వాటికి కొంత ఆవు పాలు కలిపి, పాలను విరిచే రెన్నెట్ అనే పదార్థం వేసి గడ్డ కట్టిస్తారు. ఆ గడ్డను ముక్కలు చేసి, అదిమి నీరు తీశాక, విడిపోయిన తేటనే మళ్లీ మరిగే దశకు దగ్గరగా వేడి చేసి, చీజ్ దిమ్మలను అందులో వేసి ఉడికిస్తారు. దిమ్మలు పైకి తేలతాయి. తీసి, ఉప్పు, ఎండు పుదీనా చల్లి, వేడి ఆరక ముందే సగానికి మడిచి, ఉప్పు కలిపిన తేటలో నిల్వ ఉంచుతారు. దుకాణంలో కొన్న హలూమీ దిమ్మ మధ్యలో పొడవునా ఒక గీత కనిపిస్తుంది, వేళ్లతో లాగితే అక్కడే రెండుగా విడిపోతుంది. అది ఆ మడత గుర్తు. మొదటి తేటలో మిగిలిన మాంసకృత్తులతో అనారీ అనే మెత్తని చీజ్ కూడా వస్తుంది. వెనకటికి సైప్రస్ గ్రామాల్లో ఒక్కో ఇంట్లో ఉండే నాలుగైదు మేకల పాలు ఒక దిమ్మకు చాలవు కాబట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాలన్నీ వంతుల వారీగా ఒకరికి ఇచ్చి, ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో చీజ్ చేసుకునేవారు. ఎండాకాలంలో పుచ్చకాయ ముక్కతో పాటు పచ్చి హలూమీ ముక్క తినడం అక్కడి ఇళ్లలో ఇప్పటికీ మామూలే.

పెనం మీద వేస్తే కరిగి కారిపోకపోవడం దీని ప్రత్యేకత. కారణం తయారీలోనే ఉంది. చాలా చీజ్‌లలో పాలను పులియబెట్టే సూక్ష్మజీవులను కలుపుతారు. ఆ పులుపు పాలలోని కాల్షియాన్ని కొంత కరిగించి మాంసకృత్తుల అల్లికను వదులు చేస్తుంది, అందుకే వేడి తగలగానే అవి పారతాయి. హలూమీలో పులియబెట్టడం ఉండదు, కాల్షియం అల్లికలోనే ఉండిపోతుంది, పైగా తేటలో ఉడకడంతో ఆ అల్లిక మరింత బిగుస్తుంది. పంటి కింద కీచుమనే ఆ చప్పుడుకూ ఆ బిగువే కారణం. మన పనీరు కూడా కరగదు, కానీ దాని దారి వేరు: వేడి పాలలో నిమ్మరసం వంటి పులుపు వేసి ఒక్కసారిగా విరిచేస్తాం, కాబట్టి అది కరగకపోయినా సాగదు, పొడిగా విరుగుతుంది. ఫలితం ఒకేలా కనిపించినా రెండింటి నిర్మాణం ఒకటి కాదు.

ఇప్పుడు బజారు లెక్క చూద్దాం. హలూమీ ఉప్పునీటిలో, గాలి చొరని సంచిలో నెలల తరబడి నిలవుంటుంది. నిప్పుల మీద మాంసం కాల్చుకునే చోట మాంసం తినని వారికి ఇవ్వడానికి సరిగ్గా పనికొస్తుంది. వంట రానివాడు కూడా ముక్కలు కోసి పెనం మీద రెండువైపులా ఎర్రగా చేసుకోగలడు. బ్రిటన్‌లో మాంసం తగ్గించుకునేవారు పెరుగుతున్న కాలంలో సూపర్‌మార్కెట్లు ముందు దిగుమతి సరుకుగా, తర్వాత తమ సొంత ముద్రతో దీన్ని అమ్మాయి. నాండోస్ వంటి హోటళ్ల గొలుసులు జాబితాలోకి ఎక్కించాయి, బంగాళాదుంప వేపుడులా పొడుగు ముక్కలు చేసి నూనెలో వేయించి అమ్మడం వీధి బళ్ల మీద మొదలై హోటళ్లకు పాకింది. నేడు హలూమీకి అతి పెద్ద కొనుగోలుదారు బ్రిటనే. స్వీడన్ ఇంకా ఆశ్చర్యం. అక్కడ సైప్రస్ వలసవారు పెద్దగా లేరు, అయినా కురచ వేసవిలో ఆరుబయట కాల్చుకుని తినే అలవాటు ఆ చీజ్‌ను ఇంటింటికీ చేర్చింది. అంటే మొదటి మెట్టు వలస ఎక్కించింది, రెండో మెట్టుకు వలస అక్కర్లేకపోయింది. జర్మనీలోనూ ఇదే జరిగింది. సైప్రస్ నుంచి ఏటా 25 కోట్ల యూరోలకు మించిన హలూమీ ఎగుమతి అవుతోంది. దేశంలో తయారై బయటకు వెళ్లే సరుకుల్లో మందుల తర్వాత చెప్పుకోదగ్గది ఇదే.

గిరాకీ పెరిగితే నకలు తప్పదు. స్వీడన్‌లో స్థానిక డెయిరీలు కాల్చుకునే చీజ్ అన్న అర్థం వచ్చే గ్రిలోస్ట్ అనే పేరుతో తమ రకాన్ని అమ్మాయి. ఆస్ట్రేలియాలో ఆవు పాలతో చేసిన దాన్ని ఒక అక్షరం తేడాతో అదే పేరు పెట్టి అమ్మడం ఎప్పటి నుంచో ఉంది. ఆపడానికి సైప్రస్ చేతిలో రెండు ఆయుధాలు ఉండేవి: ఒకటి వాణిజ్య ముద్ర, రెండోది భౌగోళిక గుర్తింపు. ఈ రెండింటి తేడా తెలియకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. వాణిజ్య ముద్ర ఒక యజమానికి చెందుతుంది, దాన్ని నిలబెట్టుకోవాలంటే ఎప్పటికప్పుడు వాదించి గెలవాలి. భౌగోళిక గుర్తింపు ప్రాంతానికి చెందుతుంది, నియమాలు పాటించిన ఎవరైనా వాడుకోవచ్చు, పాటించని వారిని ప్రభుత్వాలే అడ్డుకుంటాయి. తిరుపతి లడ్డుకు, హైదరాబాదు హలీంకు ఉన్న జీఐ గుర్తింపు ఈ రెండో కోవలోది.

సైప్రస్ మొదటి ఆయుధంతో చాలాకాలం నెట్టుకొచ్చి చేతులు కాల్చుకుంది. బ్రిటన్‌లో హలూమీ పేరు మీద సైప్రస్ వాణిజ్య మంత్రిత్వ శాఖకు ఒక ధ్రువీకరణ ముద్ర ఉండేది. దాన్ని రద్దు చేయాలని ఒక బ్రిటిష్ దిగుమతి కంపెనీ దరఖాస్తు చేస్తే, మంత్రిత్వ శాఖ గడువులోగా జవాబే ఇవ్వలేదు. ముద్ర రద్దయింది, 2018లో హైకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. అతి పెద్ద మార్కెట్‌లో పేరు మీద హక్కు ఒక కాగితానికి బదులు ఇవ్వకపోవడంతో పోయిందన్న మాట. ఐరోపా సమాఖ్యలో మరో దెబ్బ తగిలింది. ఒక బల్గేరియా కంపెనీ బీబీక్యూలూమీ అనే పేరును నమోదు చేయించుకోబోతే సైప్రస్ చీజ్ సంరక్షణ సంస్థ అడ్డుపడింది. కేసు 2020లో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి, మళ్లీ కింది కోర్టుకు వచ్చి, 2021 జనవరిలో సైప్రస్‌కు వ్యతిరేకంగానే ముగిసింది. హలూమీ అంటే కొనుగోలుదారుకు ఒక చీజ్ రకమే గుర్తుకొస్తుంది, కనుక ముద్రగా దానికి బలం తక్కువని కోర్టు భావన. పేరు ఎంత ప్రసిద్ధమైతే ముద్ర అంత బలహీనపడటం ఈ చట్టంలోని పెద్ద వైపరీత్యమని నాకు అనిపిస్తుంది.

ఆ మధ్యలో హలూమీ విదేశాంగ వ్యవహారంగా కూడా మారింది. ఐరోపా సమాఖ్యకూ కెనడాకూ కుదిరిన వాణిజ్య ఒప్పందాన్ని 2020 జులై 31న సైప్రస్ పార్లమెంటు తిరస్కరించింది. ఒప్పందంలో రక్షణ దొరికిన సరుకుల జాబితాలో హలూమీ లేకపోవడం సభ్యులు చెప్పిన ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి. చివరికి 2021 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ హలూమీకి భౌగోళిక గుర్తింపులో ఒక రకమైన మూలస్థాన రక్షణ ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలు. సైప్రస్‌లో, సైప్రస్ పాలతో, నిర్ణీత పద్ధతిలో చేసినదే సమాఖ్య దేశాల్లో ఆ పేరుతో అమ్మాలి. దరఖాస్తు కదిలింది 2014లో. ఏడేళ్ల ఆలస్యానికి మూల్యం కూడా ఉంది. అప్పటికి బ్రిటన్ సమాఖ్య నుంచి బయటికి వెళ్లిపోవడంతో, అతి పెద్ద మార్కెట్‌లో ఈ రక్షణ దానంతట అదే వర్తించలేదు, పేరు కోసం అక్కడ విడిగా ప్రయత్నించాల్సి వచ్చింది.

ఆలస్యానికి కారణాలు రెండు, రెండూ ద్వీపం లోపలివే. మొదటిది పాల తగాదా. నియమం ప్రకారం హలూమీలో గొర్రె, మేక పాల వాటా ఆవు పాల కంటే ఎక్కువ ఉండాలి. ఆచరణలో ఎగుమతి సరుకులో చాలాకాలంగా ఆవు పాలదే పైచేయి. దీన్ని కల్తీ అని ఒక్క మాటతో కొట్టిపారేయడం తేలిక, కానీ సమస్య రుతువులది. గొర్రెలు, మేకలు ఈనేది చలికాలంలో. వాటి పాలు చలికాలం నుంచి వసంతం దాకా పుష్కలం, వేసవి ముదిరేసరికి కరువు. స్వీడన్‌లోనో బ్రిటన్‌లోనో నిప్పులు రాజేసేది వేసవిలో. ఏడాది పొడవునా ఒకే తీరున దొరికేవి ఆవు పాలే, ధర కూడా తక్కువ. పెద్ద డెయిరీలు, ఆవుల రైతులు ఆ పాల మీద పెట్టుబడి పెట్టారు. గొర్రెల కాపరులు నియమం అమలు చేయమన్నారు. వాటా మార్చడానికి ప్రభుత్వం ఇచ్చిన గడువు ముందుకు జరుగుతూ వచ్చింది, ఒక దశలో ఆవుల రైతులు రోడ్డెక్కారు. నా అభిప్రాయంలో ఇక్కడ కాపరుల వాదనే గట్టిది. పాలు ఏవైనా ఫరవాలేదంటే ఆ చీజ్ బల్గేరియాలోనో ఆస్ట్రేలియాలోనో చేస్తే తప్పేమిటన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అయితే దిమ్మ ధర పెరిగితే బ్రిటన్ సూపర్‌మార్కెట్లు వేరే పేరుతో చవక రకాన్ని పక్కనే పెడతాయన్న డెయిరీల భయం కూడా ఉత్తది కాదు.

రెండో కారణం చీలిక. ఉత్తర భాగంలో ఇదే చీజ్‌ను హెల్లిమ్ అంటారు, తయారీ అదే, పుదీనా అదే. అక్కడి పాలనను టర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదు. 1994లోనే ఐరోపా న్యాయస్థానం ఉత్తరం నుంచి వచ్చే నిమ్మజాతి పండ్లకు, బంగాళాదుంపలకు అక్కడి అధికారులు ఇచ్చే పత్రాలు చెల్లవని తీర్పు ఇవ్వడంతో, ఆ భాగపు రైతుల ఐరోపా వ్యాపారం దెబ్బతింది. హలూమీ దరఖాస్తు వచ్చినప్పుడు పేరు ఒక్క వర్గానిదే అయిపోతుందన్న ఆందోళన ఉత్తరంలో బలంగా రేగింది. అందుకే గుర్తింపు రెండు పేర్లకూ కలిపి ఇచ్చారు, ద్వీపమంతటా తనిఖీ చేసే పనిని బ్యూరో వెరిటాస్ అనే అంతర్జాతీయ సంస్థకు అప్పగించారు. చట్టం కాగితం మీద ద్వీపాన్ని ఒకటిగా చూసింది. నేల మీద మాత్రం పశువుల ఆరోగ్య ప్రమాణాలు, రెండు భాగాల మధ్య సరుకు దాటించే నియమాలు పెద్ద అడ్డంకులు. ఉత్తరపు హెల్లిమ్ ఇప్పటికీ ఎక్కువగా టర్కీకి, గల్ఫ్ దేశాలకే వెళ్తోంది.

మిగతా సరుకుల్లో కొన్నిటిని చూపించి వదిలేస్తాను. ద్వీపం ఆగ్నేయాన ఎర్రమట్టి ఊళ్లలో పండే బంగాళాదుంపలు ఆ మట్టితోనే బ్రిటన్‌కు, జర్మనీకి వెళ్తాయి, మట్టి రంగే వాటికి ముద్ర. గెరోస్కిపు గ్రామపు లోకుం మిఠాయికి 2007లోనే ఐరోపా గుర్తింపు వచ్చింది. ఊరి పేరు ఉన్నా విదేశీయులకు అది టర్కిష్ డిలైటే. ద్రాక్షపిప్పి నుంచి కాచే జివానియా సారాకు గుర్తింపు ఉంది, గిరాకీ మాత్రం ద్వీపవాసులు ఉన్న చోటికే పరిమితం. సోతిరా గ్రామపు కొలోకాసికి కూడా మూలస్థాన రక్షణ ఉంది. కొలోకాసి అంటే మరేదో కాదు, మన చేమదుంప. సైప్రస్ వారు దాన్ని చెక్కు తీశాక కడగరు, తుడుస్తారు. ముక్కలు కోసేటప్పుడు కత్తిని సగం దాకా దించి మెలితిప్పి విరుస్తారు, అలా చేస్తే జిగురు తగ్గుతుందంటారు. పంది మాంసంతోనో టమాటాతోనో ఉడికించే ఆ కూర కోసం లండన్‌లో వారు వెళ్లే కూరగాయల కొట్టుకు మన తెలుగువారు వెళ్లినా దుంప దొరుకుతుంది, పేరే వేరు.

వైన్ విషయంలో మాత్రం కొత్త కదలిక ఉంది. షెర్రీ వ్యాపారం కూలాక టోకు వైన్ మానేసి కొండ గ్రామాల్లో చిన్న వైన్‌శాలలు వెలిశాయి, జినిస్తేరి, మరథెఫ్తికో వంటి స్థానిక ద్రాక్షలతో తీపి లేని వైన్‌లు చేయసాగాయి. 19వ శతాబ్దంలో ఐరోపా తోటలను తుడిచిపెట్టిన ఫిలోక్సెరా పురుగు సైప్రస్‌కు చేరలేదు, అందువల్ల అక్కడి తీగలు ఇప్పటికీ వేరే మొక్కకు అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే ఉన్నాయి. జినిస్తేరి తక్కువ నీటితో తట్టుకుంటుందని గమనించి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని అక్కడ పెంచి చూశారు. పరిమాణం చిన్నదే, లండన్‌లో ప్రత్యేక దుకాణాలకు మించి కనబడటం అరుదు. కానీ సీసా మీద సైప్రస్ పేరు, సైప్రస్ ద్రాక్ష పేరు ఉంటున్నాయి.

మన వైపు ఈ చీజ్ ఎక్కువగా తెలిసింది గల్ఫ్‌లో పనిచేసిన వారికి. లెబనాన్, సిరియా వంటి దేశాల పొద్దుటి ఫలహారంలో ఇదే తరహా చీజ్ ఎప్పటి నుంచో ఉంది కనుక కువైట్, దుబాయ్ దుకాణాల్లో అది మామూలు సరుకు. ప్రతి దిమ్మా సైప్రస్‌దే కానక్కర్లేదు. హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లోని పెద్ద దుకాణాల్లో దిగుమతి సరుకూ, ఇక్కడే చేసినదీ రెండూ దొరుకుతున్నాయి. కొనేటప్పుడు చూడాల్సినవి మూడు నాలుగే. ఐరోపా మూలస్థాన రక్షణ ఉన్న దానిపై ఎరుపు, పసుపు రంగుల గుండ్రటి ముద్ర ఉంటుంది. ఐరోపా చట్టం ప్రకారం పదార్థాల పట్టికను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి కాబట్టి, పాల వివరం విడిగా ఇచ్చిన చోట ఆవు పాలు ముందు ఉంటే వాటా దానిదే పెద్దదని అర్థం. శాకాహారులు రెన్నెట్ ఏ రకమో చదవాలి: పూర్వం పశువుల పిల్లల పొట్ట నుంచి తీసినదే వాడేవారు, ఎగుమతి సరుకులో ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తీసినది ఎక్కువగా కనిపిస్తుంది, ఆ సంగతి సంచి మీద రాసి ఉంటుంది. ఉప్పు ఎక్కువ అనిపిస్తే ముక్కలను కాసేపు మంచినీళ్లలో నానబెట్టి, తడి బాగా ఒత్తేసి, నూనె లేని వేడి పెనం మీద వేయాలి. తడి ఉంటే ఎర్రబడకుండా ఉడికిపోతుంది.